స్కాన్ చూడకముందే ఆ రెండు మాటలూ అనవద్దు: తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్య ఆరోగ్యశాఖాధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్య ఆరోగ్యశాఖాధికారులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు నమస్కారాలు.

నేను పాకాల మండలంలో ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. వైద్యం చదివినదాన్ని కాను. అయినా గర్భం నిలిచిన తొలి మూడు నెలల్లో కనబడే కొద్దిపాటి రక్తం గురించి, అది కనబడిన రోజున మన ఊళ్లలో ఆడవాళ్లు వినవలసి వచ్చే మాటల గురించి మీకు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ పరిస్థితి ఒకసారి నాకు వచ్చింది, ఇంకోసారి మా ఆడపడుచుకు వచ్చింది. నాతో "పోయింది" అన్నారు. ఆమెతో "ఏం కాదులే" అన్నారు. రెండు మాటలూ తప్పే అయ్యాయి. మొదటి మాట నమ్మి ఉంటే నా కొడుకు ఈ రోజు ఉండేవాడు కాదు. రెండో మాట నమ్మినందువల్ల మా ఆడపడుచు ప్రాణం మీదికి వచ్చింది. అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. చూడకుండా చెప్పారు, అంతే. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను: నెల తప్పిన మనిషికి రక్తం కనబడితే, గర్భం ఎక్కడ నిలిచిందో, ఎలా ఉందో స్కాన్‌లో తేలేదాకా మీ శాఖలో పనిచేసే ఎవరూ ఆ రెండు మాటల్లో ఏ ఒక్కటీ అనకూడదని నియమం పెట్టండి. ఆ స్కాన్ ఒకటి రెండు రోజుల్లో జరిగేలా చూడండి.

ముందు నా సంగతి చెప్తాను. నెల తప్పి ఇంచుమించు మూడు వారాలైంది. మధ్యాహ్నం బడిలో బాత్రూంకు వెళ్లినప్పుడు లోదుస్తుల మీద చింతగింజంత మరక కనబడింది. ఎర్రగా లేదు, ఎండిన కాఫీ మరకలా గోధుమరంగులో ఉంది. నొప్పి లేదు. ఆ తర్వాత రెండు పీరియడ్లు పిల్లలకు ఏం చెప్పానో నాకు తెలియదు. సాయంత్రం ఇంటికి వెళ్లగానే మా అత్తగారు "వేడి చేసింటాదిలే, సబ్జా గింజలు నానేసి తాగు" అన్నారు. మరునాడు ఉదయం ఒక ఆసుపత్రికి వెళితే అక్కడి స్కాన్‌లో సంచి కనబడింది గాని గుండె కదలిక కనబడలేదు. పిండం పొడవు 4 మిల్లీమీటర్లు అని కాగితం మీద రాశారు. "పోయింది, క్లీనింగ్ చేయించుకో, ఎల్లుండి ఖాళీ కడుపుతో రా" అన్నారు. ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. మా చిన్నమ్మ కూతురు నర్సింగ్ చదివింది. ఆ అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, అంత చిన్నగా ఉన్నప్పుడు గుండె కనబడకపోవచ్చు, ఒక వారం ఆగి ఇంకోచోట చూపించుకో" అని గట్టిగా చెప్పకపోతే నేను ఎల్లుండి ఖాళీ కడుపుతో వెళ్లేదాన్నే. తొమ్మిది రోజుల తర్వాత వేరే డాక్టరమ్మ స్కాన్ చేస్తూ తెరను నావైపు తిప్పారు. బియ్యపు గింజంత పిండంలో ఏదో మిణుకుమిణుకుమంటోంది. "అదే గుండె" అన్నారావిడ. ఆ బిడ్డ ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు.

నాకు జరిగింది అరుదైన అద్భుతం కాదని, వైద్యులందరికీ తెలిసిన సంగతేనని ఆ తర్వాత తెలుసుకున్నాను. పిండం పొడవు 7 మిల్లీమీటర్లకు చేరకముందు గుండె కదలిక కనబడకపోతే గర్భం పోయిందని తేల్చకూడదు, కనీసం వారం ఆగి మళ్లీ స్కాన్ చేయాలి. నెలలు లెక్కపెట్టడంలో వారం తేడా రావడం మామూలే. బిడ్డకు పాలిస్తూ మళ్లీ గర్భం నిలిచినవాళ్లకు, నెలసరి క్రమంగా రానివాళ్లకు ఆ తేడా ఇంకా ఎక్కువ ఉంటుంది. గర్భం సంచిలోనే ఉందని తేలి, నొప్పి, జ్వరం, ఎక్కువ రక్తం లేనప్పుడు ఒక వారం ఆగినందువల్ల తల్లికి వచ్చే నష్టమేమీ లేదు. ఆగకపోతే మాత్రం బతికున్న బిడ్డ పోవచ్చు.

ప్రతి నలుగురు గర్భిణుల్లో దాదాపు ఒకరికి తొలి మూడు నెలల్లో ఎప్పుడో ఒకప్పుడు రక్తం కనబడుతుంది. అందులో సగానికి పైగా గర్భాలు చక్కగా నిలబడి కాన్పుదాకా వెళతాయి. బ్రిటన్‌లో 48 ఆసుపత్రుల్లో 4,153 మంది మీద జరిగిన ఒక పెద్ద పరిశోధన 2019లో వెలువడింది. వాళ్లందరికీ తొలి నెలల్లో రక్తం కనబడింది, గర్భసంచిలో గర్భం ఉన్నట్టు స్కాన్‌లో తేలింది. సగం మందికి గర్భాన్ని నిలబెట్టే హార్మోన్ అయిన ప్రొజెస్టిరాన్ మందు, మిగతా సగం మందికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తి మందు ఇచ్చారు. ఉత్తి మందు వాడినవాళ్లలో 72 శాతం మంది బతికిన బిడ్డను కన్నారు, ప్రొజెస్టిరాన్ వాడినవాళ్లలో 75 శాతం మంది కన్నారు. ఈ అంకెలు మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. మరక కనబడిన రోజున నా చేయి పట్టుకుని, "స్కాన్‌లో గర్భం సరైన చోట కనబడిందంటే పదిమందిలో ఏడుగురికి బిడ్డ నిలుస్తుందమ్మా" అని ఎవరైనా చెప్పి ఉంటే ఆ తొమ్మిది రోజులు వేరేగా గడిచేవి. ఆ మందు అందరికీ అవసరం లేదని, ఇంతకుముందు గర్భం పోయినవాళ్లకు ఇప్పుడు మళ్లీ రక్తం కనబడితే దానివల్ల కొంత మేలుందని కూడా ఆ పరిశోధనలో తేలింది. మన దగ్గర మరక కనబడగానే ఆర్‌ఎంపీ దగ్గర హార్మోన్ సూది వేయించుకుని, ఇక స్కాన్ అక్కర్లేదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. సూది వేసినంతమాత్రాన గర్భం ఎక్కడుందో తెలియదు.

కొద్దిపాటి మరకకు కారణాలు చాలా ఉండవచ్చు. పిండం గర్భసంచి గోడకు అంటుకునేటప్పుడు, అంటే నెలసరి రావలసిన రోజులకు అటూఇటూగా, ఒకటి రెండు రోజులు గులాబీ రంగులోనో గోధుమ రంగులోనో చుక్కలు పడవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు గర్భసంచి ముఖద్వారానికి రక్తం ఎక్కువగా చేరుతుంది కాబట్టి భార్యాభర్తలు కలిసిన తర్వాత గాని, లోపలి పరీక్ష జరిగిన తర్వాత గాని కొద్దిగా రక్తం కనబడవచ్చు. ఆ ముఖద్వారం దగ్గర చిన్న కండ పెరిగినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా అంతే. పిండపు సంచి పక్కన కొంచెం రక్తం గూడుకట్టి అది బయటికి రావడమూ ఉంటుంది. చాలాసార్లు అది దానంతటదే కరిగిపోతుంది. అరుదుగా ముత్యాల గర్భం, అంటే పిండం సరిగా ఏర్పడక మాయ నీటిబుడగల్లా పెరిగేది, ఉంటుంది, వాంతులు విపరీతంగా ఉండి, పొట్ట నెలలకు మించి పెరిగి, రక్తం కనబడుతుంది. ఇక గర్భస్రావం. తెలిసిన గర్భాల్లో పదింటిలో ఒకటో రెండో ఇలా పోతాయి. ఆ పోయేవాటిలో దాదాపు సగానికి కారణం పిండం ఏర్పడేటప్పుడే క్రోమోజోముల్లో వచ్చిన తేడా. అమ్మ చేసిన పని ఏదీ ఆ తేడాను తెచ్చిపెట్టదు, ఎవరూ ఆపలేరు కూడా. ఇన్ని కారణాల్లోనూ బయటికి కనబడేది ఒకే మరక. కంటితో మరకను చూసి కారణం చెప్పగలిగినవారు లేరు.

మా ఆడపడుచు సంగతి నాలుగేళ్ల కిందటిది. దామలచెరువులో మామిడికాయల కాలం, మండీల్లో రాత్రీపగలూ పని. ఆమె కాయలు ఏరి గంపలకెత్తే పనికి వెళ్లేది. ఇద్దరు పిల్లల తర్వాత ఆపరేషన్ చేయించుకుని ఆరేళ్లయింది. ఆ నెల ముట్టు పది పన్నెండు రోజులు ఆలస్యమై, తర్వాత కొద్దికొద్దిగా నల్లటి మరక కనబడసాగింది. ఎప్పటిలాగే మూడు రోజులు దూరంగా కూర్చుంది. ఐదు రోజులైనా ఆగలేదు, ఎక్కువా కాలేదు. కుడివైపు పొత్తికడుపులో నొప్పి ఉందని ఒక ఆసుపత్రికి వెళ్లి చెప్పుకుంటే, "ఆపరేషన్ అయిందిగా, ముట్టు ఆలస్యంగా వచ్చింది, ఏం కాదులే" అని నొప్పి మాత్రలు రాసి పంపారు. మేమూ అదే అనుకున్నాం. ఆపరేషన్ అయినోళ్లకు కడుపెట్ల నిలుస్తాది అని ఇంట్లో అందరమూ అన్నాం. నేనూ అన్నాను.

రెండో రోజు సాయంత్రం అరుగుమీద కూర్చుని "వదినా, భుజం పీకతా ఉండాది" అంది. గంపలు మోసినందుకేమోనని నేను నొప్పి మందు తెచ్చి రుద్దాను. రుద్దుతుంటే ఆమె వీపు చెమటతో చల్లగా తగిలింది. జూన్ నెల ఉక్కలో ఒళ్లు చల్లగా ఉండడం వింతగా అనిపించింది గాని దాని అర్థం నాకు తెలియలేదు. లేచి బాత్రూంకు వెళ్లి గడప దగ్గరే కూలిపోయింది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. 108 వచ్చేసరికి నాడి అందడం లేదు. గర్భం సంచిలో కాక, అండం సంచికి చేరే దారి అయిన ట్యూబులో నిలిచింది, అది పగిలి కడుపంతా రక్తం నిండింది, ఆ రక్తం పైకి చేరి ఛాతీకీ కడుపుకూ మధ్య ఉండే డయాఫ్రం పొర కింద ఒరుసుకోవడం వల్లే భుజం నొప్పి వచ్చిందని తిరుపతిలో ఆపరేషన్ చేసిన డాక్టర్లు చెప్పారు. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. ఆమెను బతికించిన ఆ డాక్టర్లకు, 108 సిబ్బందికి మా కుటుంబం ఎన్నటికీ రుణపడి ఉంటుంది.

ఆమె బయట చూసుకున్న రక్తం రోజుకు ఒక ప్యాడ్ సగం కూడా తడవనంత. లోపల పోయిన రక్తం లీటర్లలో. అందుకే "కొంచెమే కదా" అన్న మాటకు నేను భయపడతాను. ట్యూబులో గర్భం నిలవడం ప్రతి వంద గర్భాల్లో ఒకటి రెండింట మాత్రమే జరుగుతుంది. కానీ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ తర్వాత అరుదుగా గర్భం నిలిచిందంటే, అలాంటి గర్భాల్లో మూడింట ఒకటి దాకా ట్యూబులోనే ఉంటుంది. మన జిల్లాల్లో పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్ చేయించుకున్న అమ్మలు ఊరూరా ఉన్నారు. ఆపరేషన్ అయిందని చెప్పగానే గర్భం ఆలోచన పక్కన పెట్టే అలవాటు మన ఇళ్లలోనూ ఉంది, ఆసుపత్రుల్లోనూ ఉంది. ఆపరేషన్ అయిన మనిషికి ముట్టు తప్పి, తర్వాత మరక, ఒక పక్క నొప్పి ఉన్నాయంటే ముందు గర్భం ఉందో లేదో చెప్పే మూత్రపరీక్ష చేయాలి. ఆశా కార్యకర్త సంచిలో ఉండే నిశ్చయ్ కిట్‌తో ఐదు నిమిషాల్లో తేలే విషయం అది. ఆ రోజు ఆ ఐదు నిమిషాలు ఎవరైనా కేటాయించి ఉంటే, ట్యూబు పగలకముందే, బహుశా కోత లేకుండా మందుతోనే నయమయ్యేది. ఇంతకుముందు ట్యూబులో గర్భం వచ్చినవాళ్లు, ట్యూబులకు ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గినవాళ్లు, కాపర్-టి ఉండగా గర్భం నిలిచినవాళ్లు, పిల్లల కోసం ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్లు కూడా ఇదే జాగ్రత్త కిందికి వస్తారు.

మందుల దుకాణాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గర్భం వద్దనుకున్నవాళ్లు డాక్టరును చూడకుండా దుకాణంలో గర్భం పోగొట్టే మాత్రల కిట్ అడిగి తెచ్చుకుని మింగుతున్నారు. ఆ మాత్రలు గర్భసంచిలో ఉన్న గర్భం మీదే పనిచేస్తాయి. గర్భం ట్యూబులో ఉన్నా సంచి పొర ఊడి రక్తం కనబడుతుంది కాబట్టి, పని అయిపోయిందని వాళ్లు నిశ్చింతగా ఉంటారు, లోపల ట్యూబు పగిలేదాకా. గర్భం తీయించుకోవడానికి 1971 నుంచి చట్టం ఉంది, 2021లో దాన్ని సవరించారు కూడా. ప్రభుత్వ ఆసుపత్రిలో గుట్టుగా, సురక్షితంగా ఆ సేవ దొరుకుతుందని ఆడవాళ్లకు తెలిస్తే దుకాణం మెట్లెక్కేవాళ్లు తగ్గుతారు.

ఇప్పుడు మీ శాఖ చేయగలిగిన పనులు. మొదటిది మాటకు సంబంధించింది కాబట్టి తెలుగు చెప్పే మనిషిగా నాకు చెప్పే అర్హత ఉందనుకుంటాను. గర్భిణులకు ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులో ప్రమాద సూచనల్లో రక్తస్రావం అన్న మాట ఉంది. మా ఊళ్లో ఆడవాళ్లు ఆ మాట విని ధారగా కారే రక్తాన్ని ఊహించుకుంటారు. చింతగింజంత గోధుమ మరకను వాళ్లు రక్తస్రావం అనుకోరు. "అంటు కనబడింది", "మరకైంది", "ముట్టు లాగా అగుపించింది" అంటారు. కాబట్టి వాళ్ల మాటల్లోనే రాయండి: నెల తప్పిన తర్వాత ఏ రంగు మరక కనబడినా, ఎంత కొంచెమైనా, ఆ రోజే ఏఎన్ఎంకు గాని ఆశాకు గాని చెప్పాలి. ఆశా సమావేశాల్లో కూడా ఈ మాటలే వాడండి. "రక్తస్రావం ఉందా?" అని అడిగితే లేదనే సమాధానం వస్తుంది. "లోబట్టల మీద మరకేమైనా కనబడిందా?" అని అడిగితే తల వంచుకుని ఔనంటారు.

రెండో సమస్య ఆ సంగతి చెప్పుకునే వేళకు సంబంధించినది. మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయటికి చెప్పకూడదు, దిష్టి తగులుతుంది అన్న పట్టింపు మా వైపు బలంగా ఉంది. మరక కనబడే నెలలు సరిగ్గా అవే. గర్భం నమోదు పన్నెండు వారాల లోపు జరగాలని మీ శాఖే చెబుతోంది. అయినా ఆశా వచ్చి అడిగితే అత్తగారు వాకిట్లోనే "ఇంకా ఏం లేదమ్మా" అని పంపేస్తారు. దిష్టి నమ్మకాన్ని తిట్టి లాభం లేదు. "ఎవరికీ చెప్పొద్దు, నాకొక్కదానికి చెప్పు, నేను పుస్తకంలో రాసుకుంటాను, ఊళ్లో అనను" అని ఆశా అంటే చాలామంది చెబుతారు. ఆ గుట్టు నిలబెట్టడం ఉద్యోగ ధర్మమని శిక్షణలోనే వాళ్లకు నేర్పాలి. శ్రీసిటీ వైపు కంపెనీలకు షిఫ్టుల మీద బస్సుల్లో వెళ్లే కొత్త పెళ్లికూతుళ్లు, ఊరికి దూరంగా హాస్టళ్లలో ఉండి పనిచేసే అమ్మాయిలు ఏ ఆశా పుస్తకంలోనూ ఉండరు. వాళ్లకు చేరే దారి ఆ కంపెనీలతో మాట్లాడి మీరే వెతకాలి.

అన్నిటికన్నా ముఖ్యం స్కాన్. ప్రతి నెలా 9వ తేదీన జరిగే సురక్షిత మాతృత్వ అభియాన్ శిబిరం నాలుగో నెల నుంచి ఉన్న గర్భిణుల కోసం పెట్టింది. ఏడో వారంలో మరక కనబడిన మనిషికి "తొమ్మిదో తేదీన రా" అని చెప్పడం ప్రమాదకరం. నొప్పి లేకుండా మరక మాత్రమే ఉన్నవాళ్లకు ఒకటి రెండు రోజుల్లో, నొప్పి ఉన్నవాళ్లకు ఆ రోజే స్కాన్ జరగాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో యంత్రం లేకపోతే ఏ ఏరియా ఆసుపత్రికి పంపాలో, అక్కడ ఏ గదికి వెళ్లాలో రాసిన చీటీ చేతికివ్వాలి. తిరుపతి ప్రసూతి ఆసుపత్రి, చిత్తూరు జిల్లా ఆసుపత్రి వంటి చోట్ల తొలి నెలల మరకతో వచ్చినవాళ్లకు విడిగా ఒక గది ఉంటే ఎంతో మేలు. బిడ్డ ఉందో లేదో తెలియక వణుకుతున్న మనిషిని, నిండు నెలల గర్భిణుల వరుసలో గంటల తరబడి నిలబెట్టడం ఎంత బాధో నిలబడినవాళ్లకు తెలుసు. స్కాన్‌లో గర్భం ఎక్కడా కనబడకపోతే "ఏమీ లేదు, పో" అని పంపకుండా, రక్తంలో హెచ్‌సీజీ (గర్భం నిలిచినప్పుడు ఒంట్లో తయారయ్యే హార్మోన్) పరీక్ష చేసి 48 గంటల తర్వాత మళ్లీ చేసి పోల్చి చూడాలి. గర్భ పరీక్షలో పాజిటివ్ వచ్చిన మనిషికి గర్భం ఎక్కడుందో తేలేదాకా ఆమె మీ బాధ్యతలో ఉన్నట్టే. ఆమె ఫోన్ నంబరు రాసుకుని, రెండో పరీక్షకు రాకపోతే ఆశాను ఇంటికి పంపండి. తొలి నెలల్లో లోపలి నుంచి చేసే స్కాన్‌లో స్పష్టంగా కనబడుతుంది, దానివల్ల గర్భం పోదు. ఈ మాట స్కాన్ గది బయట గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి, ఎందుకంటే ఆ భయంతో వద్దని తిరిగి వెళ్లినవాళ్లను నేను చూశాను.

బ్లడ్ గ్రూపు కూడా ఆ రోజే చూడాలి. నెగటివ్ గ్రూపు అయితే, తర్వాతి కాన్పుల్లో బిడ్డ రక్తానికి హాని రాకుండా కాపాడే యాంటీ-డి సూది అవసరమా కాదా అని డాక్టరు నిర్ణయించాలి, అవసరమైతే రక్తం కనబడిన 72 గంటల్లోపు వేయాలి. హిమోగ్లోబిన్ సంగతి మీకు చెప్పనక్కరలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఏడెనిమిది గ్రాముల రక్తంతో తిరిగే మనిషికి ఇంకొకరు తట్టుకోగలిగినంత రక్తం పోయినా ప్రాణాపాయమే.

ఈ లేఖ చదివే ఆడవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు కూడా ఉంటారు కాబట్టి వాళ్లతోనూ నాలుగు మాటలు చెప్పనివ్వండి. నొప్పి లేకుండా చుక్కలు మాత్రమే కనబడితే భయపడకండి, కానీ దాచుకోకండి. గుడ్డ కాకుండా ప్యాడ్ పెట్టుకుంటే ఎంత రక్తం పోతోందో తెలుస్తుంది. ఏ తేదీన మొదలైంది, ఏ రంగు, ఎన్ని ప్యాడ్లు అన్నది కాగితం మీద రాసుకోండి. గడ్డలాగానో కండలాగానో ఏదైనా పడితే పారేయకుండా శుభ్రమైన డబ్బాలో వేసి డాక్టరుకు చూపించండి. గంటకొక ప్యాడ్ పూర్తిగా తడుస్తున్నా, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి ఉన్నా, భుజం కొన దగ్గర కారణం లేకుండా పీకుతున్నా, కళ్లు తిరుగుతున్నా, స్పృహ తప్పుతున్నా, విరేచనానికి కూర్చున్నప్పుడు లోపల పొడిచినట్టు ఉన్నా, జ్వరం గాని దుర్వాసన గాని ఉన్నా తెల్లవారేదాకా ఆగవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆర్‌ఎంపీ దగ్గర ఆగవద్దు. మరక ఆగిపోయినా నొప్పి ఆగకపోతే వెళ్లవలసిందే. ఐదో నెల దాటిన తర్వాత రక్తం కనబడితే మాత్రం, నొప్పి ఉన్నా లేకపోయినా, మరక చిన్నదైనా నేరుగా పెద్దాసుపత్రికే వెళ్లాలి.

అత్తలకు, అమ్మలకు ఒక మనవి. కోడలు బొప్పాయి పండు తిన్నందుకో, నువ్వులుండ కొరికినందుకో, అలిపిరి మెట్లెక్కినందుకో, స్కూటర్ మీద వెళ్లినందుకో కడుపు పోయిందని అనకండి. కాలు కింద పెట్టకుండా పడుకోబెడితే గర్భం నిలుస్తుందన్నదానికీ ఆధారం లేదు. నెలల తరబడి కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రం ఉంది. అలసట అనిపిస్తే విశ్రాంతి, రక్తం కనబడుతున్నన్నాళ్లు భార్యాభర్తలు దూరంగా ఉండడం, బరువులు మోయకపోవడం, ఇవి ఆమె సుఖం కోసం పాటించండి. ఒకవేళ గర్భం పోతే, "ఇంకోటి వస్తుందిలే" అనకండి. ఆమెకు పోయింది ఆ ఒక్క బిడ్డే.

అయ్యా, అమ్మా, నేను అడిగిన వాటిలో కొత్త భవనం గాని, కొత్త పథకం గాని లేదు. నిశ్చయ్ కిట్ ఉంది, ఏఎన్ఎం ఉంది, 108 ఉంది, ఏరియా ఆసుపత్రుల్లో యంత్రాలున్నాయి. వీటి మధ్య దారి వేసే ఒక రాతపూర్వక ఆదేశం కావాలి. కరపత్రం వేయదలిస్తే దాని మాటలు రాసిపెట్టడానికి నేను సిద్ధం. మా బడిలో తల్లుల సమావేశాలు జరిగినప్పుడల్లా యాభై అరవై మంది వస్తారు, అందులో సగం మంది ఇంకా బిడ్డలు కనే వయసువాళ్లే. ముందుగా ఒక ఏఎన్ఎంను ఆ సమావేశానికి పంపండి, నిశ్చయ్ కిట్ ఒకటి చేతిలో పట్టుకుని వచ్చి ఎలా వాడాలో చూపిస్తే చాలు. మా ఆడపడుచు కూడా వచ్చి మాట్లాడతానంది.

ఇట్లు,
పాకాల మండలం నుంచి ఒక ఉపాధ్యాయురాలు